లా బొబేరా

కొలంబియాలో మెడెలిన్ నగరం చుట్టూ ఉన్న ఆంటియోకియా కొండపల్లెల్లో ఒక జబ్బు పేరు ఇది. స్పానిష్‌లో 'బోబో' అంటే తెలివితక్కువవాడు. దానికి మూలం, నత్తివాడు అనే అర్థమున్న లాటిన్ మాట 'బల్బుస్'. నలభై దాటాక చెప్పిందే చెప్పడం, దారి మరవడం, యాభై వచ్చేసరికి మతి పూర్తిగా చెదరడం చూసి జనం దీన్ని 'లా బొబేరా', అంటే వెర్రితనం, అన్నారు. చేతబడి అని నమ్మినవాళ్లూ ఉన్నారు. పేరులోని తిట్టు బాధిస్తుంది. అయినా అది కొన్ని కుటుంబాల్లోనే తరతరాలుగా వస్తోందని ఆ ఊళ్లవాళ్లకు డాక్టర్ల కంటే ముందే తెలుసు.

1980లలో న్యూరాలజిస్టు ఫ్రాన్సిస్కో లోపేరా ఆ ఇళ్లకు వెళ్లి వంశవృక్షాలు గీయడం మొదలుపెట్టారు. లోపం 14వ క్రోమోజోము మీద, ప్రెసెనిలిన్-1 జన్యువులో ఉందని 1990లలో తేలింది. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌లో 280వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు అలనైన్ చేరింది. ఆ ఒక్క మార్పుతో మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ చిన్న వయసులోనే పేరుకుపోతుంది. తల్లికో తండ్రికో ఈ మార్పు ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం.

పరిశోధకులు దీన్ని 'పైసా మ్యుటేషన్' అన్నారు. పైసా అంటే ఆ ప్రాంతంవాడు. మన డబ్బుల పైసాతో సంబంధం లేదు. నాకు ఈ పేరే నచ్చింది, ఇందులో మనిషిని కించపరిచేదేమీ లేదు.

ఈ మార్పు ఉన్నా డెబ్బైలు వచ్చేదాకా మతిమరుపు సోకని ఒక మహిళ గురించి 2019లో వెల్లడైంది. ఆమెలో ఏపీఓఈ జన్యువు రెండు ప్రతుల్లోనూ 'క్రైస్ట్‌చర్చ్' అనే మరో అరుదైన మార్పు ఉంది. బహుశా అదే ఆమెను కాపాడింది.