కామాఠీపుర తెలుగువారు - మహాత్మ బిరుదము

ఒక మనుష్యుని మహాత్ముడని పిలుచు అధికార మెవ్వరిది? పీఠాధిపతులదా? ప్రభువులదా? 1888 మే 11వ తేదీన బొంబాయి మాండ్వీలోని కోళీవాడా సభాభవనమున గుమిగూడిన జనులు ఆ అధికారమును తామే వహించి, జ్యోతీరావు ఫూలేకు విఠల్‌రావ్ కృష్ణాజీ వండేకర్ ముఖమున ఆ బిరుదము నొసంగిరి. ఆ యేటనే మోహన్‌దాస్ గాంధీ యను పదునెనిమిదేండ్ల యువకుడు ఇదే బొంబాయి రేవున ఇంగ్లండుకు ఓడ యెక్కెను!

ఆ సభకు ఎంతో ముందుగా నేల చదును చేసినవారిలో మన తెలుగువారును కలరని మేము ముఖ్యముగా చెప్పదలచితిమి. 18వ శతాబ్ది చివరనుండి నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతముల కూలీలు బొంబాయికి వచ్చి రాళ్లు మోసిరి, గోడలు కట్టిరి. వారిని కామాఠీలనిరి, వారుండిన పేట కామాఠీపుర మయ్యెను. ఆ పేట పేరు చెప్పగానే నేడు లోకమునకు తోచునది వేరు. ఆ పేరు మొదట పనివారిది.

ఆ పనివారినుండియే కొందరు కంట్రాక్టర్లయి ధనము గడించిరి. ఫూలేయు పూనా ప్రాంతమున కట్టడముల పనులు, సామగ్రి సరఫరా గుత్తకు చేసినవాడే. కూలి కష్టమును, కచేరీల లంచమును ఎరిగిన వ్యాపారమది. తెలుగువారికి ఆయన మాట త్వరగా మనసుకెక్కుటకు ఇదియు నొక హేతువని మా యూహ. 1873 సెప్టెంబరు 24న ఆయన పూనాలో సత్యశోధక సమాజమును స్థాపింపగా, బొంబాయిలో దానికి అండయైనవారిలో వ్యంకు బాలాజీ కాలేవార్, జయ ఎల్లప్ప లింగు ముఖ్యులు. ఆ తొలి సంవత్సరములలోనే బొంబాయి తెలుగు సభ్యులు 1200 రూపాయల విలువగల ముద్రణయంత్రమును సమాజమున కిచ్చిరి. ఆనాటి కూలివాని సంపాదన తలచుకొన్నచో అది చిన్న మొత్తము కాదు. గుడికి గోపురము కట్టించి పేరు చెక్కించుకొనుట వారికి అసాధ్యమా? వారు అచ్చుయంత్రము నెన్నుకొనిరి.

పురోహితులను నిరసించిన ఫూలేకు ఆధ్యాత్మిక గౌరవ మేమిటని కొందరు శంకింపవచ్చును. ఆయన దేవుని కాదనలేదు. నిర్మికుడని పిలిచి, ఆ నిర్మికునికిని మనుష్యునికిని నడుమ దళారి వలదనెను. 1873 డిసెంబరులోనే పురోహితుడు లేని పెండ్లి సమాజ పద్ధతిని జరిగెను. కూతురి పెండ్లికి అప్పుచేసి సంభావన లిచ్చుకొను పేదవానికి ఇది తర్కము కాదు, ఊరట.

ఇట్టివానిని ఏ పీఠము ప్రతిపాదించును? అందుచేతనే ఆ బిరుదము క్రిందనుండి రావలసివచ్చెను. వచ్చి నిలిచినది కూడ. 1946లో డాక్టర్ అంబేద్కర్ శూద్రుల పుట్టుకను గూర్చిన తన గ్రంథమును అంకితమిచ్చుచు మహాత్మ ఫూలే యనియే వ్రాసెను.

బిరుదము పొందిన కొలది నెలలలోనే ఫూలేకు పక్షవాతము వచ్చి కుడిచేయి పడిపోయెను. ఎడమచేతితో సార్వజనిక సత్యధర్మ పుస్తకమును వ్రాసి ముగించెను. 1890 నవంబరు 28న కన్నుమూసెను. పుస్తకము మరుసటి యేడు అచ్చయ్యెను.