బళ్లారి వకీళ్లు – ఆదోని వ్యాజ్యగాండ్రు

వ్యాజ్యమన్నంతనే మన పల్లెవారికి చద్దిమూట, సంచిలో కాగితముల కట్ట, దూరప్రయాణము జ్ఞప్తికి వచ్చును. ఆ ప్రయాణపు త్రోవలు ఎట్లు మాఱినవో నేడు కొంత ముచ్చటింతును.

1800లో నైజాము ప్రభువు ఈ సీమను ఆంగ్లేయుల కుంఫిణీకి వదలుకొనెను. అప్పటి ముఖ్య కలెక్టరు తామస్ మన్రో. ఊరి తగవు ఊరిలోనే తీఱవలెనని ఆయన మతము. 1816 నాటి చట్టములచే గ్రామమునసబునకు పదిరూపాయల లోపు వ్యాజ్యములు విచారించు అధికారము కలిగెను. పదిరూపాయలని నవ్వకుడు, ఆనాటి సేద్యగానికి అది స్వల్పము కాదు. ఆ మన్రో 1827లో మన పత్తికొండలోనే విశూచిచే మృతినొందెను.

పెద్ద తగవులకు మాత్రము బళ్లారియే శరణ్యము. 1953 వఱకు ఆదోని, ఎమ్మిగనూరు బళ్లారి జిల్లాలోనివే గదా! అచ్చటి వకీళ్లు చిత్రమైనవారు. ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు పగలు కోర్టులో వాదించి, రాత్రి నాటకములు వ్రాసిరి. ఆచార్యులవారి మేనల్లుడు బళ్లారి రాఘవ, తానును వకీలే. వృత్తిలో గడించినదానిని నాటకములకు వెచ్చించెను. పగటి కక్షిదారుడు ఆ రాత్రి తన వకీలును రాజవేషమున జూచి విస్తుపోయియుండును.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించెను. ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరెను. బళ్లారి మైసూరు పాలయ్యెను. రాష్ట్రము వచ్చెనని సంతసించితిమి గాని, దగ్గరి జిల్లాకోర్టు దూరమయ్యెను. ఆదోనినుండి కర్నూలునకు రైలులో పోవలెనన్న గుంతకల్లు, డోను చుట్టిరావలెను. మా నాయనగారి పెట్టెలో గట్టుతగవు కాగితముల కట్ట యొకటి నేటికిని గలదు. పైకాగితములు బళ్లారివి, క్రిందివి కర్నూలువి. నడుమ తగవు మాత్ర మొక్కటే.

ఇక పైకోర్టు మాట. రాజధాని, హైకోర్టులలో తమకు వలసినదానిని రాయలసీమవారు కోరుకొనవచ్చునని 1937 నాటి శ్రీబాగు ఒడంబడికలో నుండెను. కర్నూలునకు రాజధాని వచ్చెను; హైకోర్టు 1954లో గుంటూరున వెలసెను. 1956లో రెండును హైదరాబాదు చేరెను. ఒడంబడికలో చెప్పినవానిలో ఒక్కటియు సీమలో మిగులలేదు. ఈ మాట చెప్పునపుడు నాకు కొంత కోపము కలుగును. వృద్ధుని కోపము, మన్నింపుడు.

2019 జనవరి 1 నుండి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతి ప్రాంతమున నడచుచున్నది. ఆ యేడే కర్నూలు న్యాయవాదులు హైకోర్టు కొఱకు కోర్టులు విడిచి దీక్షలలో గూర్చుండిరి. 2020లో కర్నూలును న్యాయరాజధానిగా పేర్కొను చట్టము వచ్చెను, 2021లో ఉపసంహరింపబడెను. ఎమ్మిగనూరు రైతు అప్పీలు వాయిదా యేమైనదో తెలిసికొనుటకు నేటికిని రాత్రి బస్సెక్కి, తెల్లవాఱుసరికి కృష్ణాతీరమున దిగుచున్నాడు.