మిరియాల నీటి పితామహుడు

ఒక శాస్త్రమునకు పితామహుడని లోకము ఎవరినైనను కొనియాడునప్పుడు, ఆ బిరుదము ఆయన జీవించియుండగా లభించినది కాదనియు, శాస్త్రము పెరిగి పెద్దదైన పిమ్మట వంశవృక్షము వ్రాసికొన గూర్చున్నవారు వెనుకకు తిరిగి చూచి కట్టబెట్టినదనియు మనము మరచుచుందుము. సూక్ష్మజీవశాస్త్రమునకు మూలపురుషుడని నేటి పాఠ్యపుస్తకములు చెప్పు ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్, అట్టి శాస్త్రమొకటి తన చేతిమీదుగా పుట్టుచున్నదని ఎఱుగడు. ఆయన బట్టల వర్తకుడు.

హాలెండు దేశపు డెల్ఫ్ట్ పట్టణమున 1632లో ఒక బుట్టలల్లువాని ఇంట పుట్టి, పదునారేండ్ల ప్రాయమున ఆమ్‌స్టర్‌డామ్ నగరమునకు పోయి బట్టలకొట్టున పని నేర్చి, 1654లో మరలి వచ్చి సొంత దుకాణము పెట్టెను. మచిలీపట్టణమున కొఠీ నిలిపి మన అద్దకపు బట్టలను ఓడల కెక్కించుచుండిన వలందావారి (డచ్చివారి) కాలమది. పడుగుపేకల పోగులను భూతద్దముతో లెక్కించి నేత వాసి తేల్చుట ఆనాటి వర్తకులకు నిత్యకృత్యము. ఈయనకు మాత్రము ఆ అద్దమే వ్యసనమయ్యెను. పిదప పురపాలక భవనమున చిన్న ఉద్యోగమొకటి దొరకుటచే తీరికయు చిక్కినది.

ఆయన చేతితో చేసికొనిన పరికరమును చూచి సూక్ష్మదర్శిని యని నమ్ముట కష్టము. అరచేత ఇమిడిపోవు రెండు లోహపు రేకులు, వాని నడుమ మిరియపుగింజకన్న చిన్నదగు గాజుపూస, ఎదుట ఒక సూదిమొన, దానిని జరుపుటకు మరచుట్టలు, అంతే. చూడదలచిన దానిని సూదిమొనకు అంటించి, రేకును కంటికి తగులునంత దగ్గరగా పట్టి, వెలుతురువైపు తిరిగి చూడవలెను. ఉట్రెక్ట్ నగరమున మిగిలియున్న ఒకటి వస్తువును సుమారు 270 రెట్లు పెంచి చూపును.

మిరియము నాలుకను మండించుటకు కారణమేమని ఆయనకొక సందేహము. ముండ్లవంటివేవో గ్రుచ్చుచున్నవేమో యని తలచి, మిరియాలను నీట నానవేసి, 1676లో ఆ నీటిబొట్టును పరికింపగా, ముండ్లు కానరాలేదు గాని, లెక్కకు మిక్కిలియగు అణుప్రాణులు ఈదులాడుచుండెను. లాటిను రాని ఆ వర్తకుడు, ఆ యేటి అక్టోబరు 9న తనకు వచ్చిన డచ్చిభాషలోనే లండన్ రాయల్ సొసైటీకి జాబు వ్రాసెను. పండితులు నమ్మలేదు. అప్పుడాయన మతాచార్యులు మొదలగు 8 మంది పెద్దమనుష్యులకు ఆ వింత చూపి, వారిచే సాక్ష్యపత్రములు వ్రాయించి పంపెను; బేరగాని బుద్ధి! 1677 నవంబరులో సొసైటీ సభ్యుడగు రాబర్ట్ హుక్ తానే మిరియాల నీరు సిద్ధపరచి సభ్యులకు చూపినగాని వారి శంక తీరలేదు. 1680లో లీవెన్‌హుక్‌నే సభ్యునిగా ఎన్నుకొనిరి.

నిత్యము ఉప్పుతో పండ్లు తోముకొను అలవాటు గల ఆ మనిషి (ఈ విషయమున మన తాతలకు చుట్టమే) 1683లో తన పండ్ల సందుల పాచిని వాననీట కలిపి చూచి, అందును ప్రాణులు కదలాడుట కనుగొనెను. పుట్టి బుద్ధెఱిగి పండ్లు తోమని ఒక ముదుసలి పాచిని గూడ అడిగి తెచ్చి చూడగా, అక్కడ అవి తండోపతండములుగా నుండెనట.

ఇంతచేసియు ఆయన శిష్యులను చేర్చుకొనలేదు, గ్రంథము రచింపలేదు, సొసైటీకి దాదాపు 190 జాబులు మాత్రము వ్రాసెను. ఈ ప్రాణులకును వ్యాధులకును గల సంబంధమును నిరూపించుట పందొమ్మిదవ శతాబ్దమున పాశ్చర్, కోక్ మహాశయుల వంతైనది. కావున శాస్త్రమునకు తండ్రులు వారే యని వాదించువారితో నాకు పేచీ లేదు. మన భాషలో పితామహుడనగా తండ్రికి తండ్రి. ఆ అర్థమున బిరుదము ఈయనకు సరిగా అతికినది.

తన అత్యుత్తమ పరికరముల గుట్టును ఆయన ఎవరికిని విప్పలేదు. ఇటీవల ఉట్రెక్ట్ పరికరమును న్యూట్రాన్ కిరణములతో పరీక్షింపగా, అందలి గాజుపూస, హుక్ 1665లో అచ్చొత్తించిన పద్ధతి ననుసరించి చేసినదేనని తోచుచున్నది. లీవెన్‌హుక్ 1723 ఆగస్టు 26న, తొంబదేండ్ల ప్రాయమున మరణించెను. ఆయన కోరికమేరకు కుమార్తె మరియా, 26 వెండి సూక్ష్మదర్శినులను పెట్టెలో అమర్చి లండనుకు పంపెను. సొసైటీవారు వానిని నూరేండ్లకు పైగా భద్రపరచి, పందొమ్మిదవ శతాబ్దమున ఎక్కడనో పోగొట్టుకొనిరి.