2020 విస్కాన్సిన్ ప్రాథమిక ఎన్నిక

2020 విస్కాన్సిన్ ప్రాథమిక ఎన్నిక అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 2020 ఏప్రిల్ 7, మంగళవారం నాడు జరిగింది. అధ్యక్ష పదవికి డెమొక్రాటిక్, రిపబ్లికన్ పార్టీల అభ్యర్థులను ఎంచుకొనే ప్రాథమిక ఎన్నికతో బాటు రాష్ట్ర సుప్రీం కోర్టు న్యాయమూర్తి పదవికి, అనేక స్థానిక పదవులకు కూడా అదే రోజున పోలింగు నిర్వహించారు. కోవిడ్-19 మహమ్మారి వ్యాపిస్తూ, ప్రజలను ఇళ్ళలోనే ఉండమని రాష్ట్ర ప్రభుత్వం ఆజ్ఞాపించిన రోజులలో ఈ ఎన్నిక జరగడం వలన ఇది దేశవ్యాప్తంగా చర్చనీయాంశమైంది. ఎన్నికను వాయిదా వేసే అధికారం ఎవరిది అనే వివాదం పోలింగుకు ముందురోజు సాయంత్రం వరకు కొనసాగి, ఒకే రోజున రాష్ట్ర సుప్రీం కోర్టు, దేశ సుప్రీం కోర్టు రెండూ తీర్పులివ్వవలసి వచ్చింది.

నేపథ్యం

విస్కాన్సిన్ జనాభా 2020 జనగణన ప్రకారం సుమారు 58.9 లక్షలు. రాజధాని మాడిసన్, అతి పెద్ద నగరం మిల్వాకీ. అమెరికాలో ఎన్నికల నిర్వహణ ఆయా రాష్ట్రాల బాధ్యత. విస్కాన్సిన్‌లో ఈ బాధ్యత మరింత కిందికి దిగి, సుమారు 1,850 పురపాలికలు, గ్రామాల గుమాస్తాల చేతిలో ఉంటుంది. వీరిపై పర్యవేక్షణకు రాష్ట్ర ఎన్నికల కమిషను ఉన్నది. ఇందులో ఆరుగురు సభ్యులు, రెండు పార్టీల వైపు నుండి ముగ్గురేసి చొప్పున ఉంటారు. కాబట్టి వివాదాస్పదమైన విషయాలలో కమిషను ఓట్లు సరిసమానంగా చీలిపోవడం కొత్త కాదు.

ఇక్కడ ప్రాథమిక ఎన్నిక అంటే ఒక పార్టీ తన అభ్యర్థిని ఎంచుకోవడానికి సాధారణ ఓటర్లే పాల్గొనే ఎన్నిక. భారతదేశంలో దీనికి సరిపోలే పద్ధతి లేదు. కేవలం పార్టీ అభ్యర్థి ఎంపిక మాత్రమే అయితే తేదీ మార్చడం అంత కష్టం కాకపోవును. విస్కాన్సిన్ చట్టం ఈ ఎన్నికను వసంతకాలపు సాధారణ ఎన్నికతో జతచేసింది. మేయర్లు, పురపాలక సభ్యులు, పాఠశాల మండళ్ళ సభ్యులు, కౌంటీ పర్యవేక్షకులు మొదలైనవారిలో చాలామంది పదవీకాలం ఏప్రిల్ మూడవ వారంలోనే ముగియవలసి ఉన్నది. ఎన్నిక ఆగితే స్థానిక పదవులు ఖాళీ అవుతాయనేది వాయిదాను వ్యతిరేకించినవారి ప్రధాన వాదన. అందులో కొంత నిజమున్నప్పటికీ, పదవీకాలాన్ని తాత్కాలికంగా పొడిగిస్తూ చట్టం చేయడానికి శాసనసభకు వెసులుబాటు ఉన్నదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

రాజకీయంగా అందరి దృష్టీ రాష్ట్ర సుప్రీం కోర్టు స్థానం మీదనే ఉన్నది. 2016లో నాటి గవర్నరు స్కాట్ వాకర్ నియమించిన డేనియల్ కెల్లీ, డేన్ కౌంటీ న్యాయమూర్తి జిల్ కరోఫ్‌స్కీ పోటీలో ఉన్నారు. చట్టం ప్రకారం ఇది పార్టీలకు అతీతమైన ఎన్నిక. వాస్తవంలో మాత్రం కెల్లీకి రిపబ్లికన్లు, కరోఫ్‌స్కీకి డెమొక్రాట్లు అండగా నిలిచారు. అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ స్వయంగా కెల్లీని సమర్థించాడు.

వాయిదా వివాదం

డెమొక్రాటిక్ పార్టీకి చెందిన గవర్నరు టోనీ ఎవర్స్ 2020 మార్చి 12న ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిని ప్రకటించాడు. మార్చి 25 నుండి ప్రజలు అత్యవసర పనులకు తప్ప బయటకు రాకూడదనే ఉత్తర్వు అమలులోకి వచ్చింది. అప్పటికే లూసియానా (మార్చి 13న), జార్జియా తదితర రాష్ట్రాలు తమ ప్రాథమిక ఎన్నికలను వాయిదా వేశాయి. ఒహాయోలో పోలింగు మార్చి 17న జరగవలసి ఉండగా, ముందురోజు రాత్రి రాష్ట్ర ఆరోగ్య శాఖాధిపతి ఉత్తర్వుతో పోలింగు కేంద్రాలను మూసివేశారు. తరువాత ఒహాయో శాసనసభ ఏప్రిల్ 28 వరకు తపాలా ద్వారా ఓటు వేసే వీలు కల్పించింది. అదే మార్చి 17న ఫ్లోరిడా, ఇల్లినాయ్, అరిజోనాలలో ఎన్నికలు యథావిధిగా జరిగాయి.

విస్కాన్సిన్‌లో శాసనసభ ఉభయ సభలూ రిపబ్లికన్ల ఆధీనంలో ఉన్నాయి. మొదట ఎవర్స్ కూడా నిర్ణీత తేదీకే ఎన్నిక జరగాలని అన్నాడు. తేదీ మార్చే అధికారం ఒంటరిగా తనకు లేదని పలుమార్లు చెప్పాడు. ఆ మాటలే తరువాత కోర్టులో ఆయనకు వ్యతిరేకంగా పనిచేశాయి. మార్చి 27న రాష్ట్రంలోని ప్రతి ఓటరుకూ తపాలా ద్వారా బ్యాలెట్ పత్రం పంపాలని ఆయన ప్రతిపాదించగా, కొద్దిరోజులలో అది సాధ్యమయ్యే పని కాదని రిపబ్లికన్ నాయకులు తిరస్కరించారు. ఏప్రిల్ 4, శనివారం నాడు ఆయన శాసనసభ ప్రత్యేక సమావేశాన్ని పిలిచాడు. స్పీకరు రాబిన్ వాస్, సెనేటు ఆధిక్యపక్ష నాయకుడు స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్ నాయకత్వంలోని సభలు చర్చ లేకుండానే కొద్ది క్షణాలలో ఆ సమావేశాన్ని ముగించాయి.

ఏప్రిల్ 6, సోమవారం మధ్యాహ్నం ఎవర్స్ తన వైఖరి మార్చుకొని, పోలింగు కేంద్రాలలో జరిగే ఓటింగును జూన్ 9 వరకు నిలిపివేస్తూ ఉత్తర్వు జారీచేశాడు. రిపబ్లికన్లు వెంటనే రాష్ట్ర సుప్రీం కోర్టుకు వెళ్ళారు. అత్యవసర పరిస్థితుల చట్టం గవర్నరుకు విస్తృతాధికారాలిచ్చినా, శాసనసభ చేసిన ఎన్నికల చట్టాన్ని పక్కనపెట్టే అధికారం ఇవ్వలేదని కోర్టు 4–2 ఆధిక్యతతో అదే సాయంత్రం ఉత్తర్వును కొట్టివేసింది. స్వయంగా అభ్యర్థి అయిన కెల్లీ ఈ విచారణలో పాల్గొనలేదు. ఆ రోజులలో ఇదే కోర్టు అంటువ్యాధి కారణంగా ముఖాముఖి వాదనలను నిలిపివేసి ఉన్నదని విమర్శకులు ఎత్తిచూపారు.

ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఇదే నెలలలో తమ రాష్ట్రంలో జరిగినది గుర్తుకు రావచ్చును. మార్చి 21న జరగవలసిన మండల, జిల్లా పరిషత్ ఎన్నికలతో సహా స్థానిక ఎన్నికలను 2020 మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనరు నిమ్మగడ్డ రమేశ్ కుమార్ వాయిదా వేశాడు. రాష్ట్ర ప్రభుత్వం వ్యతిరేకించినా భారత సుప్రీం కోర్టు మార్చి 18న వాయిదాను సమర్థించింది. భారత రాజ్యాంగం స్థానిక ఎన్నికల నిర్వహణను ఒక స్వతంత్ర కమిషనరుకు అప్పగించింది. విస్కాన్సిన్‌లో తేదీ చట్టంలోనే రాసి ఉండడం వలన గవర్నరు, ఎన్నికల కమిషను ఇద్దరూ ఏమీ చేయలేకపోయారు.

తపాలా ఓట్లు, కోర్టు తీర్పులు

విస్కాన్సిన్ చట్టం ప్రకారం ఏ ఓటరైనా కారణం చెప్పకుండా తపాలా ద్వారా ఓటు వేయవచ్చును. అయితే వసంతకాలపు ఎన్నికలలో తపాలా ఓట్లు సాధారణంగా పది శాతం కంటే తక్కువే. 2020లో సుమారు 13 లక్షల దరఖాస్తులు వచ్చాయి. కవర్లు నింపి అంటించే పని చిన్న చిన్న కార్యాలయాల సిబ్బందికి తలకు మించిన భారమైంది. పోలింగు నాటికి వేలాదిమంది దరఖాస్తుదారులకు బ్యాలెట్ చేరనే లేదు.

పద్ధతి కూడా అంత సులభమైనది కాదు. దరఖాస్తుకు గుర్తింపు కార్డు ఛాయాచిత్రం జతచేయాలి. స్మార్ట్‌ఫోను వాడకం తెలియని వృద్ధులకు ఇది ఇబ్బందిగా మారింది. బ్యాలెట్ కవరు మీద మరొక వ్యక్తి సాక్షి సంతకం చేయాలి. ఎవరినీ ఇంట్లోకి రానివ్వకూడని సమయంలో ఒంటరిగా నివసించేవారు సాక్షిని ఎక్కడ నుండి తేవాలి? కిటికీ అద్దం అవతల నుండి గాని, వీడియో ద్వారా గాని సాక్షి చూడవచ్చునని, ఆపైన కవరును గుమ్మం బయట ఉంచి సంతకం చేయించుకోవచ్చునని ఎన్నికల కమిషను సూచించింది. ఇల్లు కదలలేని స్థితిలో ఉన్నామని ప్రకటించేవారికి గుర్తింపు కార్డు అవసరం లేదనే పాత నిబంధనను అందరూ వాడుకోవచ్చునని డేన్ కౌంటీ గుమాస్తా సలహా ఇవ్వగా, అలా చెప్పరాదని రాష్ట్ర సుప్రీం కోర్టు మార్చి 31న ఆదేశించింది.

డెమొక్రాటిక్ పార్టీ, ఇతర సంస్థలు దాఖలు చేసిన వ్యాజ్యంలో ఫెడరల్ న్యాయమూర్తి విలియం కాన్లీ ఏప్రిల్ 2న తీర్పునిచ్చాడు. ఎన్నికను వాయిదా వేయడం తన పని కాదంటూనే, తపాలా ఓట్లు ఏప్రిల్ 13 సాయంత్రం 4 గంటల వరకు చేరినా లెక్కించాలని, సాక్షి నిబంధనను కొంత సడలించాలని ఆదేశించాడు. సాక్షి విషయంలోని సడలింపును మరుసటిరోజే అప్పీలు కోర్టు నిలిపివేసింది. మిగిలిన వివాదం దేశ సుప్రీం కోర్టుకు చేరింది.

ఏప్రిల్ 6 సాయంత్రం సుప్రీం కోర్టు 5–4 ఆధిక్యతతో, ఏప్రిల్ 13 వరకు చేరే ఓట్లను లెక్కించవచ్చును గాని వాటి మీద ఏప్రిల్ 7 లోపు తపాలా ముద్ర ఉండాలని నిర్ణయించింది. ఎన్నిక ముంగిట్లో ఉండగా కింది కోర్టులు నిబంధనలు మార్చరాదనే సూత్రాన్ని ఆధారంగా చూపింది. న్యాయమూర్తి రూత్ బాడర్ గిన్స్‌బర్గ్ తన భిన్నాభిప్రాయంలో, సకాలంలో దరఖాస్తు చేసినా బ్యాలెట్ అందనివారు తమ తప్పేమీ లేకుండా ఓటు హక్కు కోల్పోతారని వాదించింది. మిగిలిన ముగ్గురు ఉదారవాద న్యాయమూర్తులు ఆమెతో ఏకీభవించారు. తీర్పు వెలువడినప్పటికి పోలింగు మొదలు కావడానికి కొద్ది గంటలే ఉన్నది. బ్యాలెట్ అందనివారికి మిగిలింది రెండే దారులు: ఓటు వదులుకోవడం, లేదా వరుసలో నిలబడడం.

పోలింగు రోజు

అమెరికాలో పోలింగు సిబ్బందిలో అధికులు పదవీ విరమణ చేసిన వృద్ధులు. వ్యాధి వలన ఎక్కువ ప్రమాదం కూడా వారికే. అందుచేత చాలామంది విధులకు రాలేమని చెప్పారు. రాష్ట్రంలో సుమారు 7,000 మంది కొరత ఏర్పడింది. వందకు పైగా పురపాలికలలో ఒక్క కేంద్రం నడపడానికైనా సిబ్బంది లేరు. సుమారు 2,400 మంది నేషనల్ గార్డు సైనికులను మామూలు దుస్తులలో పోలింగు విధులకు పంపారు.

కొరత ప్రభావం అన్నిచోట్లా ఒకేలా లేదు. సుమారు 5,90,000 జనాభా గల మిల్వాకీలో మామూలుగా 180 పోలింగు కేంద్రాలుండగా అయిదు మాత్రమే తెరిచారు. అవి వాషింగ్టన్, రివర్‌సైడ్, హామిల్టన్, సౌత్ డివిజన్, మార్షల్ ఉన్నత పాఠశాలలు. గ్రీన్ బేలో 31కి బదులు రెండు, వాకెషాలో ఒక్కటి తెరిచారు. మాడిసన్‌లో మాత్రం 92లో 66 కేంద్రాలు పనిచేశాయి. మిల్వాకీలో ఓటర్లు రెండు మూడు గంటలు నిలబడ్డారు. మనిషికీ మనిషికీ ఆరు అడుగుల దూరం పాటించడంతో వరుసలు వీధుల వెంబడి సాగిపోయాయి. నడుమ వడగళ్ళ వాన కురిసినా జనం కదలలేదు. గ్రీన్ బేలో రాత్రి 8 గంటలకు గడువు ముగిసిన తరువాత కూడా, అప్పటికే వరుసలో ఉన్నవారు చాలాసేపు ఓట్లు వేశారు.

నాటికి మిల్వాకీ కౌంటీలో కోవిడ్ వలన మరణించినవారిలో అధికభాగం నల్లజాతివారు. కౌంటీ జనాభాలో వారి వాటా నాలుగో వంతుకు కొంచెం ఎక్కువ. అందువలన కేంద్రాల మూసివేత భారం ఎవరి మీద పడిందన్న ప్రశ్న రాజకీయ విమర్శలకే పరిమితం కాలేదు. మరోవైపు, తక్కువ కేంద్రాలు తెరవాలన్న నిర్ణయం శాసనసభది కాదు, నగర అధికారులది. మాడిసన్‌తో పోల్చి మిల్వాకీ ఏర్పాట్లను తప్పుపట్టినవారు కూడా ఉన్నారు.

పోలింగు కేంద్రాలలో సిబ్బందికి, ఓటర్లకు మధ్య పారదర్శకమైన అడ్డుతెరలు పెట్టారు. ఓటర్లు తమ కలం తామే తెచ్చుకొన్నారు. కారు దిగకుండా ఓటు వేసే ఏర్పాటు పలుచోట్ల జరిగింది. స్పీకరు వాస్ స్వయంగా బర్లింగ్టన్‌లో పోలింగు పర్యవేక్షకుడిగా పనిచేస్తూ, బయటకు రావడం సురక్షితమేనని విలేఖరులతో అన్నాడు. ఆ సమయంలో ఆయన మాస్కు, చేతితొడుగులు, రక్షణ అంగీ ధరించి ఉన్న దృశ్యం దేశమంతటా ప్రచారమైంది.

లెక్కింపు, ఫలితాలు

కాన్లీ ఆదేశం ప్రకారం ఫలితాలను ఏప్రిల్ 13 వరకు వెల్లడించలేదు. ఈలోగా తపాలా ముద్ర కొత్త సమస్య అయింది. కొన్ని కవర్ల మీద ముద్ర లేదు, కొన్నింటి మీద తేదీ చదవడానికి వీలుకాలేదు. కొన్ని రకాల తపాలాకు తపాలా శాఖ ముద్ర వేయకపోవడం మామూలే. ఏది చెల్లుతుందో స్పష్టం చేయడంలో ఎన్నికల కమిషను చీలిపోయి, చాలావరకు నిర్ణయాన్ని స్థానిక గుమాస్తాలకే వదిలివేసింది. దానితో ఒకే విధమైన కవరు ఒక ఊరిలో చెల్లి మరొక ఊరిలో చెల్లకపోయే పరిస్థితి వచ్చింది. ఓష్‌కోష్, ఆపిల్టన్ ప్రాంతాల ఓటర్లకు చేరవలసిన మూడు తొట్ల బ్యాలెట్లు ఒక తపాలా కేంద్రంలోనే మిగిలిపోయినట్లు తరువాత బయటపడింది. పోలింగు తరువాత చేరినా గడువు పొడిగింపు వలన లెక్కలోకి వచ్చిన ఓట్లు సుమారు 79 వేలు.

మొత్తం సుమారు 15.5 లక్షల ఓట్లు పోలయ్యాయి. వాటిలో దాదాపు మూడు వంతులు పోలింగు రోజుకు ముందుగానో, తపాలా ద్వారానో వేసినవి. మిల్వాకీలో పోలింగు రోజున స్వయంగా ఓటు వేసినవారు దాదాపు 19 వేలమంది మాత్రమే. కరోఫ్‌స్కీకి 55 శాతం, కెల్లీకి 45 శాతం ఓట్లు వచ్చాయి. తేడా సుమారు 1,62,000 ఓట్లు. ఆమె గెలుపు ఇరుపక్షాలకూ ఆశ్చర్యం కలిగించింది. ఓటర్లను అడ్డుకొంటున్నారనే కోపమే కొందరిని వరుసలో నిలబెట్టిందని పరిశీలకులు భావించారు. డెమొక్రాటిక్ ప్రాథమిక ఎన్నికలో జో బైడెన్ సుమారు 63 శాతం, బెర్నీ సాండర్స్ సుమారు 32 శాతం పొందారు. ఈ ఫలితం వెలువడక ముందే, ఏప్రిల్ 8న, సాండర్స్ పోటీ నుండి విరమించాడు.

ఆరోగ్యంపై ప్రభావం

పోలింగులో ఓటు వేసినవారిలోను, పనిచేసినవారిలోను 71 మందికి తరువాత వ్యాధి నిర్ధారణ అయినట్లు రాష్ట్ర ఆరోగ్య శాఖ గుర్తించింది. వారికి వ్యాధి అక్కడే సోకిందో, మరెక్కడైనా సోకిందో తేల్చలేకపోయింది. మిల్వాకీని పరిశీలించిన వ్యాధి నియంత్రణ కేంద్రం జులై 2020 నివేదికలో కేసులు గాని, మరణాలు గాని స్పష్టంగా పెరిగిన ఆధారం కనిపించలేదు. అయితే పోలింగు కేంద్రాల రద్దీ ఎక్కువగా ఉన్న కౌంటీలలో తరువాతి వారాలలో వ్యాధి ఎక్కువైందని కొందరు ఆర్థికశాస్త్రవేత్తల అధ్యయనం పేర్కొన్నది. ఆ నెలలో పరీక్షల సంఖ్యే తక్కువ కావడం వలన ఏ వాదననూ తుదిమాటగా తీసుకోవడం కష్టం.

తరువాతి పరిణామాలు

2020 ఆగస్టు ప్రాథమిక ఎన్నిక నాటికి మిల్వాకీ తన పోలింగు కేంద్రాలలో అధికభాగాన్ని తిరిగి తెరిచింది. నవంబరు ఎన్నికకు ముందు రాష్ట్ర ఎన్నికల కమిషను లక్షలాది ఓటర్లకు తపాలా ఓటు దరఖాస్తులు పంపింది. ఆ ఎన్నికలో పోలైన సుమారు 33 లక్షల ఓట్లలో దాదాపు 20 లక్షలు ముందుగానో, తపాలా ద్వారానో వేసినవే. తపాలా ఓట్ల గడువును పొడిగించడానికి మాత్రం సుప్రీం కోర్టు అక్టోబరు 26న 5–3 ఆధిక్యతతో నిరాకరించింది. ఏప్రిల్‌లో లభించిన ఆరు రోజుల వెసులుబాటు నవంబరులో లేదు.

కరోఫ్‌స్కీ 2020 ఆగస్టు 1న పదవి చేపట్టింది. అంతకు ముందే, మే 13న, కెల్లీ ఇంకా సభ్యుడిగా ఉన్న కోర్టు 4–3 ఆధిక్యతతో గవర్నరు ప్రభుత్వపు ఇంటివద్ద ఉండే ఉత్తర్వును కొట్టివేసింది. కెల్లీ 2023లో మరొక స్థానానికి పోటీచేసి జానెట్ ప్రొటాసెవిచ్ చేతిలో ఓడిపోయాడు. మహమ్మారి కాలంలో విస్తరించిన బ్యాలెట్ పెట్టెలను రాష్ట్ర సుప్రీం కోర్టు 2022 జులైలో చట్టవిరుద్ధమని ప్రకటించి, సభ్యులు మారిన తరువాత 2024 జులై 5న మళ్ళీ అనుమతించింది.