మైక్రోప్లాస్టిక్‌లు, ఫ్యాటీ లివర్

5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ తునకలే మైక్రోప్లాస్టిక్‌లు. నీళ్లతో, తిండితో, గాలితో ఒంట్లో చేరే ఈ తునకలకూ, కాలేయానికి కొవ్వు పట్టే ఫ్యాటీ లివర్ జబ్బుకూ సంబంధం ఉండవచ్చని పరిశోధకుల అనుమానం. అది బలమైన అనుమానమే గాని ఇంకా రుజువు కాలేదు.

తమిళనాడులోని హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడ దగ్గరి మూకండపల్లి వంటి కార్మికుల పేటల్లో ఈ తునకలు లోపలికి పోయే దారి కళ్లెదుటే ఉంది. అదే టీ బంకులో పేపర్ కప్పు. కాగితం నానకుండా దాని లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు అలాంటి కప్పులో 85–90 డిగ్రీల వేడినీళ్లు 100 మిల్లీలీటర్లు పోసి 15 నిమిషాలు ఉంచితే, సుమారు 25,000 తునకలు నీళ్లలో కలిశాయి. తమిళనాడు ప్రభుత్వం 2019 జనవరి 1 నుంచి ఇటువంటి కప్పులను నిషేధించింది. నిషేధం ఉన్నా వాడకం పోలేదు.

పేగుల నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర గుండా ముందుగా చేరేది కాలేయానికే. తునకలు పేగు గోడను బలహీనపరిచి, అక్కడి బ్యాక్టీరియా సమతూకాన్ని చెడగొడితే, బ్యాక్టీరియా విషాలు అదే దారిన కాలేయానికి చేరి వాపు పుట్టిస్తాయి. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతింటే కొవ్వును ఖర్చు చేసే పని మందగిస్తుంది. ప్లాస్టిక్‌లోని థాలేట్లు, బిస్ఫినాల్-ఏ వంటి రసాయనాలు హార్మోన్ల పనికి అడ్డు తగులుతాయి. ఇదంతా ఎక్కువగా ఎలుకల్లో, కణాల్లో చూసినది. అక్కడా ఫలితాలు ఒక్క తీరుగా లేవు: 2018లో చైనా పరిశోధకులు పాలీస్టైరీన్ ప్లాస్టిక్ తునకలు కలిపిన నీళ్లు పట్టిన ఎలుకల్లో కొవ్వు జీవక్రియ గాడి తప్పింది గాని, కాలేయంలో ట్రైగ్లిజరైడ్లు పెరగలేదు, తగ్గాయి.

మనుషుల విషయానికొస్తే, 2022లో జర్మనీలోని హాంబుర్గ్ పరిశోధకులకు సిర్రోసిస్‌తో గట్టిపడిన కాలేయాల్లో ఆరు రకాల ప్లాస్టిక్ కనిపించింది. ఆరోగ్యవంతమైన కాలేయాల్లో కనిపించలేదు. పరీక్షించినవారు 11 మందే. పైగా ప్లాస్టిక్ వల్ల కాలేయం చెడిందా, చెడిన కాలేయంలో ప్లాస్టిక్ నిలిచిపోయిందా అన్నది ఆ అధ్యయనంతో తేలదు.

ఈ అనుమానం చాటున అసలు కారణాలు మరుగున పడకూడదు. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రకటించిన అధ్యయనంలో 84 శాతం మందికి ఫ్యాటీ లివర్ తేలింది. పరీక్షించినవారిలో 71 శాతం మందికి స్థూలకాయం ఉంది. గంటల తరబడి కూర్చోవడం, నిద్ర చాలకపోవడం, అదుపు లేని తిండి ఇందుకు తోడయ్యాయి.

వేడి టీకి స్టీలు గ్లాసో గాజు గ్లాసో అడగండి. కాలేయంలో చేరిన ప్లాస్టిక్‌ను తీసేసే మందు నేటికీ లేదు. కాలేయంలోని కొవ్వు మాత్రం ఒంటి బరువు 5 శాతం తగ్గినా కరగడం మొదలవుతుంది.