దూదేకుల (ఇంటిపేరు)

తెలుగువారి ఇంటిపేర్లలో ఊళ్ల నుంచి వచ్చినవే ఎక్కువ. రాయలసీమలో, ముఖ్యంగా కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో వినిపించే ‘దూదేకుల’ మాత్రం పని నుంచి వచ్చింది. దూదిని ఏకేవారు దూదేకులవారు. కులానికీ అదే పేరు, ఆ కులంలో చాలా ఇళ్లకూ అదే ఇంటిపేరు. వీరు ముస్లిములే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగు.

గింజ తీసినంత మాత్రాన పత్తి వడకడానికి పనికిరాదు. పొడవాటి విల్లును వేలాడదీసి, దానికి బిగించిన నరాన్ని పత్తిలోకి దించి కొయ్య గుండుతో కొట్టేవారు. ఆ అదురుకు ఉండలు విడిపోయి, దుమ్మూ నలకా రాలిపోయేవి. అలా తేలిన దూది రాట్నానికి ఏకులయ్యేది, పరుపుల్లో, దిండ్లలో నిండేది. నల్లరేగడిలో పత్తి పండే ఈ సీమలో ఆ పనివాళ్లు లేని సంత ఊరు అరుదు.

ఈ పేరును తెలుగునాట ఇంటింటికీ చేర్చినవాడు సిద్దయ్య. మైదుకూరుకు చేరువలోని కందిమల్లాయపల్లెలో స్థిరపడిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామికి, అంటే బ్రహ్మంగారికి, ముఖ్యశిష్యుడు. ముడుమాలలో దూదేకుల పీరు సాహెబు ఇంట పుట్టాడని బ్రహ్మంగారి మఠ సంప్రదాయం చెబుతుంది. కొడుకు బ్రహ్మంగారి వెంట పడ్డాడని తల్లిదండ్రులు మొరపెట్టుకోగా నవాబు పిలిపించాడనీ, సిద్దయ్య చేసిన సలాముకు బండ బద్దలైందనీ కథ. చరిత్రకు అందేది తక్కువే. జనం నోట మాత్రం ఆయన నేటికీ దూదేకుల సిద్దయ్యే. 1984లో ఎన్.టి.రామారావు తీసిన బ్రహ్మంగారి సినిమాలో ఆ వేషం బాలకృష్ణ కట్టారు.

దూది ఏకే పనితో వచ్చిన పేరు సాధువుకు నిలిచిపోవడం సిద్దయ్యతోనే మొదలు కాలేదు. 922లో బాగ్దాదులో మరణశిక్షకు గురైన సూఫీ మన్సూర్ పేరులోని ‘హల్లాజ్’కు అర్థమూ దూదేకేవాడనే. ఉత్తరాదిలో ఈ పనివారిలో చాలామంది మన్సూరీలమని చెప్పుకుంటారు.

కోస్తాకు వెళితే, గుంటూరు, ప్రకాశం వైపు, ఇదే సమాజం నూర్‌బాషా అనిపించుకుంటుంది. కర్ణాటకలో నదాఫ్, పింజార్. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాల గ్రంథంలో దూదేకులకు విడిగా చోటిచ్చాడు. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ పేర్లను ఒకే పద్దులో బీసీ-బి కింద చేర్చింది. 2007లో కొన్ని ముస్లిం వర్గాలకు ఏర్పడిన బీసీ-ఇ దీనికి వేరు. అందుకే ఇంటిపేరు మార్చి షేక్ అని రాయించుకున్న ఇంట్లో, పిల్లల కుల ధ్రువీకరణ దగ్గర మళ్లీ పాత పేరు వెతకాల్సి వస్తుంది.

ముస్లిం, తెలుగు సంప్రదాయాల కలగలుపు మనుషుల పేర్లలో ఇంకా బాగా కనిపిస్తుంది. అనంతపురం జిల్లా గూగూడు పీర్ల మీది భక్తితో పెట్టుకునే కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ. దర్గాల మీది భక్తితో వచ్చిన మస్తానయ్య, మస్తానమ్మ. పీరు పేరుకు తెలుగు అప్ప, అయ్య, అమ్మ. కుళ్లాయప్ప అనే పేరు హిందువుల ఇళ్లలోనూ ఉంది.

మిల్లులొచ్చి విల్లును మూలకు నెట్టాయి, ఆపై ఫోమ్ పరుపులొచ్చి దూది గిరాకీనే తగ్గించాయి. ఇప్పుడు ఈ ఇంటిపేరున్నవారిలో రైతులున్నారు, దర్జీలు, మేస్త్రీలు, ఉద్యోగులున్నారు. పరుపుల అంగళ్లు నడిపేవారూ లేకపోలేదు. వారి దుకాణాల్లో దూది ఏకేది కరెంటు మిషను.