సింగపూర్ నది గట్టున రెండు పూటలు

ఇండియా నుంచి చుట్టాలు సింగపూర్ వస్తున్నారంటే వాళ్ళ ప్లాను దాదాపు ఒకేలా ఉంటుంది. ఒకరోజు సెంటోసా, ఒకరోజు యూనివర్సల్ స్టూడియోస్, ఓ సాయంత్రం ముస్తఫాలో షాపింగు, ఆ రాత్రికే ఫ్లైటు. అందులో తప్పేం లేదు. కానీ ఊరు పుట్టిన చోటు చూడకుండానే ఊరు చూశామని వెళ్ళిపోతున్నారే అని నాకో వెలితి. అందుకే ఈ రెండు పూటల ప్లాను. పెద్ద ఖర్చేం లేదు, మెట్రో టికెట్లూ, మ్యూజియం టికెట్టూ.

ముందే చెబుతున్నా, ఇక్కడి నదిని చూసి నవ్వకండి. గోదావరి గట్టున పెరిగినవాళ్ళకి ఇదో పంటకాలవ. పొడవు మూడు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. 2008లో మెరీనా బ్యారేజీ వచ్చాక నది మొగ కూడా మంచినీళ్ళ రిజర్వాయరులో కలిసిపోయింది. అయినా ఈ ఊరి కథంతా ఆ మొగ దగ్గరే మొదలైంది. 1819 జనవరి 29న స్టాంఫర్డ్ రాఫుల్స్ ఒడ్డుకు దిగింది అక్కడే. ఎనిమిది రోజులకే, ఫిబ్రవరి 6న, సుల్తాన్ హుసేన్‌తోనూ తెమెంగాంగ్‌తోనూ ఒప్పందం రాయించుకుని ఈస్టిండియా కంపెనీ జెండా పాతేశాడు.

మొదటి పూట సాయంత్రం పెట్టుకోండి, ఎండ తగ్గుతుంది. మెర్లయన్ దగ్గర ఫోటో ఎలాగూ దిగుతారు కదా! అక్కణ్ణించి ఫులర్టన్ హోటల్ (1928 నాటి పాత జనరల్ పోస్టాఫీసు) పక్కగా ఐదు నిమిషాలు నడిస్తే కావెనా బ్రిడ్జి. 1869 నాటిది. ఇనప భాగాలు గ్లాస్గో నుంచి ఓడలో వచ్చాయి. మూడు హండ్రెడ్‌వెయిట్లు, అంటే సుమారు 150 కిలోలు, దాటిన బండ్లూ, గొడ్లూ, గుర్రాలూ దీనిమీదికి రాకూడదన్న పాత బోర్డు ఇప్పటికీ ఉంది. పిల్లలకి భలే నచ్చుతుంది.

బ్రిడ్జి దాటగానే ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియం. దాని దగ్గర్లోనే ఒక తెల్లటి స్తంభం ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు. అది 1850లో డల్హౌసీ ఇక్కడికి వచ్చినందుకు గుర్తు. అవును, మనం స్కూల్లో రాజ్యసంక్రమణ సిద్ధాంతం కింద బట్టీ పట్టిన డల్హౌసీయే! అప్పట్లో సింగపూర్‌ని ఏలింది కలకత్తా. 1867లో గానీ ఈ ఊరు నేరుగా లండన్ చేతికి పోలేదు.

సరే, అసలు విషయానికొస్తాను. ఇందాకటి బ్రిడ్జి బిగించిందీ, మ్యూజియం భవనంలో పాత భాగం కట్టిందీ ఎవరు? మన దేశపు ఖైదీలు. 1824లో ఇంగ్లీషువాళ్ళూ డచ్చివాళ్ళూ ఇలాకాలు మార్చుకున్నప్పుడు సుమత్రాలోని బెంకూలెన్ డచ్చివాళ్ళకి పోయింది. అక్కడ ద్వీపాంతరవాస శిక్షలో ఉన్న మద్రాసు, బెంగాలు ఖైదీలను 1825 ఏప్రిల్ నుంచి ఇక్కడికి తరలించారు. ఆ తర్వాత ఇండియా నుంచి నేరుగానే పంపారు. రోడ్లు వేయడం, ఇటుకలు కాల్చడం, రాళ్ళు కొట్టడం, అన్నీ వాళ్ళ పనే. కాపలా పని కూడా వాళ్ళలో కొందరికే అప్పజెప్పారు. ఆ జైలును నడిపిన మెక్‌నైర్ 1899లో ఈ పద్ధతి గురించి గర్వంగా ఓ పుస్తకమే రాశాడు. కంపెనీకి కూలి డబ్బులూ మిగిలాయి, వార్డర్ల జీతాలూ మిగిలాయి మరి.

మద్రాసు ప్రెసిడెన్సీ అంటే ఆ రోజుల్లో గంజాం నుంచి తిరునల్వేలి దాకా. మన కోస్తా జిల్లాలూ, రాయలసీమా అందులోవే. అందుకే 'మద్రాసు ఖైదీలు' అన్న మాట కనబడితే, మనకి సంబంధం లేదులే అని పేజీ తిప్పెయ్యలేను. మనం ఇక్కడికి వీసా మీద వచ్చాం. వాళ్ళు శిక్ష మీద వచ్చారు.

రెండో పూట పొద్దున్నే సిటీ హాల్ స్టేషన్‌లో దిగండి. ఎదురుగా తెల్లగా మెరిసే సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్. 1856లో పునాదిరాయి వేసి, 1861 నాటికి ప్రార్థనలు మొదలుపెట్టారు. కట్టింది మళ్ళీ ఆ ఖైదీలే. గోడల పూతని 'మద్రాస్ చునామ్' అనేవారు. చునామ్ అంటే మన సున్నమేనండీ! గుల్ల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, ముతక పంచదార కలిపి, కొబ్బరిపీచు నానబెట్టిన నీళ్ళు పోసి మెదిపి, పూత ఆరాక నున్నటి రాళ్ళతో రుద్ది మెరుగు పెట్టేవారు. గానుగ సున్నం మిద్దెల్లో పెరిగిన పెద్దవాళ్ళు మీ వెంట ఉంటే ఈ సంగతి వాళ్ళకి చెప్పండి. నాకంటే బాగా వాళ్ళే వివరిస్తారు.

అక్కణ్ణించి నడక దూరంలో నేషనల్ మ్యూజియం. నది మొగలో ఒకప్పుడు మనిషి ఎత్తు దాటిన పెద్ద శాసనం బండ ఉండేది. రాఫుల్స్ కంటే కొన్ని వందల ఏళ్ళ ముందుది. 1843లో ఇంజనీర్లు దాన్ని మందుపెట్టి పేల్చేశారు. మిగిలిన ఒక ముక్క ఈ మ్యూజియం సొత్తు. ఆ లిపిని ఈరోజుకీ ఎవరూ చదవలేకపోయారు. (ఏ గ్యాలరీలు తెరిచి ఉన్నాయో ముందే చూసుకుని బయల్దేరండి.) పక్కనే బ్రాస్ బసా రోడ్డు. ఖైదీల జైలు ఉన్నది అక్కడే. జైలు ఆనవాళ్ళేమీ లేవు గానీ బెంకూలెన్ పేరుతో ఓ వీధీ, ఓ మెట్రో స్టేషనూ ఉన్నాయి. 1873లో ఇక్కడి వ్యవహారం ఎత్తేసి, శిక్ష మిగిలినవాళ్ళను అండమాన్ పంపారు. విడుదలైనవాళ్ళలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు.

2019లో రాఫుల్స్ వచ్చి రెండువందల ఏళ్ళయిన సందర్భంగా, నది ఒడ్డున ఆయన విగ్రహం పక్కన కొన్నాళ్ళు మరో నాలుగు విగ్రహాలు నిలబెట్టారు. అందులో ఇటుకబట్టీ పెట్టి, మారియమ్మన్ గుడికి ఆద్యుడైన నారాయణ పిళ్ళై కూడా ఉన్నాడు. మంచిదే. ఆ వరసలో ఖైదీ లేడు. పెట్టాలన్నా ఎవరి పేరుతో పెడతారు?

టైముంటే రాత్రి బోట్ కీ మీదుగా క్లార్క్ కీ దాకా నడవండి. 1977లో మొదలుపెట్టి పదేళ్ళు శుభ్రం చేస్తే గానీ ఆ నీళ్ళలో కంపు పోలేదు. ఇప్పుడక్కడ దీపాలు బాగుంటాయి. భోజనం మాత్రం ఖరీదు. తినేసి వెళ్ళండి.